పల్నాటి ఎండ, మా తమ్ముడి చర్మం

ఆ మచ్చలు కంటికి కనబడకముందే వేలికి తగిలాయి. 2018 భోగినాడు తలంటుకు ముందు మా తమ్ముడి నుదుటికి నువ్వులనూనె రాస్తున్నాను. కణత దగ్గర చర్మం గరుగ్గా గీసుకుంది. వాకిట్లోకి తిప్పి చూస్తే పెద్దగా ఏమీ లేదు. లేత ఎరుపు, దాని మీద పలచని పొలుసు, చిటికెనవేలి గోరంత మేర. అయితే అది ఒక్కటే కాదు. నుదురు పైభాగమంతా, చెవుల అంచుల మీద, ముంజేతుల మీద అక్కడక్కడా అలాగే ఉంది. కింది పెదవి కూడా ఎప్పుడూ పగిలినట్టే కనిపిస్తోంది.

"గోకితే ఊడొస్తయ్యక్కా. వారం తిరక్కుండా మళ్ళీ వస్తయ్. ఎండపొక్కులేలే" అన్నాడు.

ఎన్నాళ్ళనుంచి ఉన్నాయని అడిగితే రెండు మూడేళ్ళు అయ్యుంటుందన్నాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ తామర అనుకుని ఒక ఆయింట్‌మెంటు ఇచ్చాడట. రాసినప్పుడు నాలుగు రోజులు ఎరుపు తగ్గి, మానగానే మళ్ళీ మొదలయ్యేదట. ట్యూబు తెప్పించి చూశాను. స్టెరాయిడ్. ఏ చర్మరోగమైనా కొన్నాళ్ళు అణిగినట్టు కనబడడానికి అది చాలు, అడుగున ఉన్నది మాత్రం ఉన్నట్టే ఉంటుంది.

మా తమ్ముడు పుట్టుకతోనే తెల్లగా పుట్టాడు. జుట్టు, కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు అన్నీ లేత పసుపు. చర్మానికీ కళ్ళకూ జుట్టుకూ రంగునిచ్చే మెలనిన్ వాడి ఒంట్లో దాదాపు తయారు కాదు. వైద్యులు దీన్ని ఆల్బినిజం అంటారు. ఊళ్ళో తెల్లోడన్నారు, దొర అన్నారు. కొందరు బొల్లి అనుకుని మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. బొల్లి వేరు, ఇది వేరు, రెండూ అంటుకునేవి కావు. గ్రహణం పూట బయట తిరిగింది కాబట్టే అలాంటి బిడ్డ పుట్టాడని మా అమ్మను ఏళ్ళ తరబడి అన్నారు. అమ్మ నిజంగానే నమ్మింది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

అసలు కారణం మా ఇంటి పెళ్ళిలో ఉంది. అమ్మ తన సొంత మేనమామను చేసుకుంది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతి పిల్లలకు అనువంశికత పాఠం చెబుతూ బోర్డు మీద గళ్ళు గీస్తాను. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి బయటపడకుండా దాగిన లోపపు జన్యువులు ఒకే బిడ్డలో కలిసే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. ఒకే కుటుంబంలో పెళ్ళి చేసుకుంటే ఇద్దరిలోనూ అదే జన్యువు దాగి ఉండే అవకాశం బాగా పెరుగుతుంది. ఈ మాట చెప్పేటప్పుడు ఏటా నా గొంతు కాస్త గట్టిపడుతుంది. వరసలున్నాయి, ఆస్తి బయటికి పోదు అని పిల్లల్ని కట్టబెట్టే పద్ధతి మన జిల్లాల్లో ఇంకా పోలేదు. పోవాలి.

మాది పల్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక ఉష్ణోగ్రతలంటే పేపర్లో ముందుగా కనిపించే ఊరి పేరు రెంటచింతల. మా ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. ఆల్బినిజంతో పుట్టినవాళ్ళకు చూపు కూడా మందంగానే ఉంటుంది, కనుగుడ్లు నిలకడగా ఉండవు, వెలుతురు భరించలేరు. తమ్ముడికి బడిలో బోర్డు కనబడేది కాదు. ముందు బెంచీలో కూర్చున్నా పక్కవాడి నోట్సు ముక్కు దగ్గర పెట్టుకుని రాసుకునేవాడు. ఎలాగో ఇంటర్ దాకా లాగాడు. నాన్న పోయాక ఉన్న రెండెకరాల మిర్చి వాడి మీద పడింది. మిర్చి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ కళ్ళంలో ఉంటుంది. పొద్దుట పరవాలి, మధ్యాహ్నం తిరగెయ్యాలి, తాలుకాయ ఏరాలి. కాయ బాగా ఎండాలంటే ఎంత ఎండ కావాలో మా తమ్ముడి చర్మానికి అంత చేటు. వాడు తలకు తుండుగుడ్డ చుట్టుకుని, అర చేతుల చొక్కాతో ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఆ ఎండలో నిలబడ్డాడు.

సంక్రాంతి వెళ్ళాక వాణ్ణి గుంటూరులో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. నడివయసు మనిషి. ఆవిడ ముందు చూడలేదు, తాకారు. కళ్ళు మూసుకుని నుదుటి మీద, చెంపల మీద, చెవుల మీద వేలికొన నడిపారు. తర్వాతే భూతద్దం లాంటి పరికరంతో ఒక్కొక్కటీ పరీక్షించారు.

"వీటిని యాక్టినిక్ కెరటోసిస్ అంటారమ్మా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ళ తరబడి పైచర్మం కణాల్లో జన్యువుల్ని దెబ్బతీస్తే ఇలా వస్తాయి. ఇది క్యాన్సర్ కాదు. కానీ ఈ కణాలు ఆ దారిలో ఒక అడుగు వేశాయి. మన రంగు చర్మాలకు ఇవి అరుదు కాబట్టి మన దగ్గర చాలామంది తామర అనో, పొడిచర్మం అనో పంపించేస్తారు. మీ తమ్ముడి చర్మానికి ఇవి రావడంలో వింతేమీ లేదు" అన్నారు.

వాడు అడిగింది ఒకటే. "ఎన్నాళ్ళు పట్టిద్ది మేడమ్? మిరపకాయ కళ్ళంలో ఉంది."

ఆవిడ ఆ ప్రశ్నను చిన్నచూపు చూడలేదు. అందుకే నాకు ఆవిడ మీద గౌరవం. ఒక తెల్లకాగితం తీసుకుని మచ్చల్ని మూడు గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఏ పద్ధతి, అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది, మధ్యలో ముఖం ఎలా ఉంటుంది అన్నీ రాసిచ్చారు. తర్వాతి రెండేళ్ళూ ఆ కాగితమే మా ఇంటి పంచాంగం.

మొదటి వరసలో ఉన్నది ఎడమ చెవి అంచు మీది మచ్చ. మిగతావి పలచగా ఉంటే ఇది దళసరిగా, అడుగు గట్టిగా ఉంది, నొక్కితే నొప్పి. "దీనికి మందు రాయను. ముందు ముక్క తీసి పరీక్షకు పంపాలి" అన్నారు. దళసరెక్కడం, నొప్పి, తొందరగా పెరగడం, రక్తం కారడం, పుండై మానకపోవడం, వీటిలో ఏది కనబడినా ఎదురుచూడకూడదట. మత్తుసూది ఇచ్చి కొద్దిగా తీశారు. రిపోర్టు రావడానికి వారం పైనే పట్టింది. అందులో స్క్వామస్ సెల్ క్యాన్సర్, తొలిదశ అని ఉంది.

ఆ మాట అమ్మకు ఎలా చెప్పాలో తెలియక నేను రెండు రోజులు ఆగాను. తమ్ముడే చెప్పేశాడు. "చెవి అంచు కోసేస్తారంటమ్మా, మిగతా చెవి ఉంటది" అన్నాడు. ఆపరేషను చెవికి మత్తిచ్చి చేశారు. గడ్డతోపాటు చుట్టూ కొంత మంచి చర్మాన్ని కూడా తీసేసి కుట్టారు. వారానికి కుట్లు విప్పారు. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రెండో రిపోర్టు వచ్చింది. మెడలో గ్రంథులు తడిమి చూశారు, ఏమీ లేవు. చెవి ఇప్పుడు కొంచెం కురచగా ఉంటుంది, అంతే.

నేను అప్పుడు అడిగాను, మిగతావన్నీ కూడా ఇలాగే మారతాయా అని. ఆవిడ లెక్క చెప్పారు. ఆస్ట్రేలియాలో 1980ల్లో వందలాదిమందిని ఏడాదిపాటు గమనించారు. ఒక్కో మచ్చ ఏడాదిలో క్యాన్సర్‌గా మారడం వెయ్యింట ఒకటి కన్నా తక్కువ. సుమారు నాలుగోవంతు మచ్చలు వాటంతటవే మాయమయ్యాయి. "కానీ అది మెలనిన్ కొద్దిగానైనా ఉన్నవాళ్ళ లెక్క. మీ తమ్ముడికి ఆ కాపుదల లేదు, మచ్చలు పదులకొద్దీ ఉన్నాయి, ఒకటి అప్పటికే మారింది. కాబట్టి మనం కూర్చుని చూడం" అన్నారు.

రెండో గుంపు చేతుల మీద విడివిడిగా ఉన్నవీ, పెదవి మీదిదీ. వాటికి ద్రవ నైట్రోజన్. నర్సమ్మ డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ పొంగింది. తమ్ముడు ముందుకు వంగి చూసి, "అక్కా, ఇది గోపాలమిత్ర తెచ్చే డబ్బానే" అన్నాడు. నిజమే. మా ఊళ్ళో గేదెలకు ఎద సూదులు వేసేవాళ్ళు వీర్యపు గొట్టాలను భద్రపరిచేది ఆ ద్రవంలోనే. మైనస్ 196 డిగ్రీలు. వాడికి తెలిసిన వస్తువు కాబట్టి భయం సగం పోయింది. ఒక్కో మచ్చ మీద కొన్ని సెకన్లు చల్లారు. చర్మం గడ్డకట్టి తెల్లబడింది. "చురుక్కుమంటోంది, తర్వాత మంట" అన్నాడు. సాయంత్రానికి నీటిపొక్కులు లేచాయి. పొక్కులు చిదమకుండా వదిలేస్తే పెచ్చుకట్టి రాలిపోతాయి. ముఖం మీద అయితే వారం పదిరోజులు, చేతుల మీద రెండు మూడు వారాలు, కాళ్ళ మీద ఇంకా ఆలస్యం అని ఆవిడ ముందే రాసిచ్చారు, అచ్చం అలాగే జరిగింది. మనలాంటి చామనచాయ ఒంటికి ఈ పద్ధతి వాడితే రంగు కణాలు చలికి చచ్చి తెల్లమచ్చలు మిగలవచ్చట. "ఆ ఒక్క బెంగ మీ తమ్ముడికి లేదు" అన్నారు ఆవిడ. వాడి ఆల్బినిజం మేలు చేసిన మాట నేను జన్మలో విన్నది అదొక్కటే.

పెదవి మచ్చను ముందు ముక్క తీసి పరీక్షించాకే గడ్డకట్టించారు. చుట్ట తాగుతావా అని గుచ్చిగుచ్చి అడిగారు. వాడికి ఆ అలవాటు లేదు. పెదవి మీద వచ్చేవి చర్మం మీదివాటికన్నా మొండివి, మారితే తొందరగా పాకుతాయి కాబట్టి దాన్ని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలన్నారు.

ఇక మూడోది నుదురు, కణతలు. అక్కడ మచ్చకూ మచ్చకూ మధ్య ఖాళీ లేదు. కనిపించేవాటిని ఒక్కొక్కటీ కాల్చుకుంటూ పోతే కనిపించనివి అడుగున మిగిలిపోతాయి. మొత్తం ఆ మేరకంతా మందు రాయాలి అన్నారు. తమ్ముడికి ఇది వెంటనే అర్థమైంది. "చేనంతా మందు కొట్టాలంటారు, కనపడ్డ పురుగుకే కాదు" అన్నాడు. డాక్టరమ్మ గారు ఆ మాటకు ఎంత సంతోషపడ్డారో.

ఆ మందు 5 శాతం ఫ్లోరోయురాసిల్ క్రీము. 1957లో కనుక్కున్న మందు. పేగు క్యాన్సర్ రోగులకు నరానికి ఎక్కించేది కూడా ఇదే. వేగంగా విభజన చెందే కణాలు దాన్ని తమలోకి తీసుకుని, కొత్త డీఎన్ఏ తయారు చేసుకోలేక చచ్చిపోతాయి. మంచి చర్మాన్ని అంతగా తాకదు. రోజుకు రెండుసార్లు, మూడు నుంచి నాలుగు వారాలు. మా వాడికి కళ్ళం పని అయ్యేదాకా, ఎండలు తగ్గేదాకా ఆగి కార్తీకంలో మొదలుపెడదామన్నారు. ఈలోగా చెవి మానింది, చేతులు మానాయి. ఆవిడ ఇంకో షరతు పెట్టారు. ముఖం, చేతులు ఒకేసారి వద్దు, ఒక భాగం పూర్తిగా మానాకే ఇంకోటి.

మందు రాసినన్నాళ్ళు వాడు పొలానికి పోకుండా ఉండాలని నరసరావుపేటలో మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు మా మరదలు కడుపుతో ఉంది. ఇంట్లో గర్భిణి ఉందా అని డాక్టరమ్మ గారు ముందే అడిగారు. ఆ క్రీము గర్భిణులు చేత్తో ముట్టకూడదు, బిడ్డకు ప్రమాదం. కుక్కలూ పిల్లులూ ట్యూబు నాకితే చచ్చిపోతాయి. వాడే వేలితో రాసుకుని సబ్బుతో చెయ్యి కడుక్కునేవాడు. కళ్ళ దగ్గరికి పోకుండా నేను అద్దం పట్టుకునేదాన్ని, ఎందుకంటే వాడికి అద్దంలో సరిగ్గా ఆనదు.

మొదటి నాలుగైదు రోజులు ఏమీ లేదు. "డూప్లికేటు మందు ఇచ్చినట్టున్నారక్కా" అన్నాడు. వారం దగ్గరపడేసరికి ఎరుపు మొదలైంది. రెండో వారంలో నుదురు మొత్తం వెలిగిపోయింది. ఇదివరకు నేను వేలితో తడిమినా ఏమీ తగలని చోట్ల కూడా గుండ్రంగా ఎర్రటి మచ్చలు లేచాయి. అవి దాగి ఉన్నవి, మందు వాటిని పట్టుకుంది అన్నమాట. తర్వాత అవి పగిలాయి, రసి కారింది, పెచ్చు కట్టింది. తలగడ గలీబు రోజూ మార్చేదాన్ని. రాత్రుళ్ళు మంటకు లేచి కూర్చునేవాడు. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఎవరైనా యాసిడ్ పోశారా అని నన్ను చాటుగా అడిగింది.

మూడోవారం మొదట్లో అమ్మ వచ్చింది. కొడుకు ముఖం చూసి అక్కడే కూలబడిపోయింది. "ఆ మచ్చలు ఏం చేశాయే వాణ్ణి? బాగున్న మొహాన్ని పుండు చేశారు. ఆపెయ్యండి" అని ఏడ్చింది. తమ్ముడు కూడా ఆ రాత్రి రాయనన్నాడు. ఈ వైద్యంలో చాలామంది ఓడిపోయేది సరిగ్గా ఇక్కడేనని నేను గట్టిగా నమ్ముతాను. మందు పనిచేస్తున్నదనడానికి గుర్తే ముఖం పాడవడం. ఆ సంగతి ముందే చెప్పనివాడికి అది విషంలా కనిపిస్తుంది, ట్యూబు చెత్తలో పడుతుంది, సగం చచ్చిన మచ్చలు మళ్ళీ లేస్తాయి.

నేను కాగితం తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. అందులో డాక్టరమ్మ గారి దస్తూరీలో "3వ వారం: అన్నిటికన్నా ఘోరంగా ఉంటుంది. ఆపవద్దు" అని ఉంది. ఫొటోలు తీసి పంపాను. చీము, జ్వరం, కన్ను వాయడం ఉన్నాయా అని అడిగారు. ఏవీ లేవు. అయితే కొనసాగించమన్నారు. అదే రాత్రి బ్రిస్బేన్‌లో నర్సుగా పనిచేసే మా పిన్ని కూతురు వీడియో కాల్ చేసింది. వాడి ముఖం చూసి అది కంగారుపడలేదు. "అన్నయ్యా, ఇక్కడ మా క్లినిక్కులో రోజూ చూసే ముఖం ఇది. ఈ ఎరుపుతోనే జనం కూరగాయల దుకాణానికి పోతారు, ఎవ్వరూ తిరిగి చూడరు. ఇంకొక్క వారం ఓర్చుకో" అంది. తనలాంటి ముఖాలు వేలకొద్దీ ఉన్న దేశం ఒకటుందని తమ్ముడు వినడం అదే మొదలు. వాడు లేచి వెళ్ళి మందు రాసుకున్నాడు.

ఆ పిల్ల అప్పుడూ ఆ తర్వాతా చెప్పిన సంగతులు నాకు ఎంతో పనికొచ్చాయి. తెల్లచర్మంతో వలసపోయినవాళ్ళ సంతతి ఆ ఎండలో బతకడం వల్ల అక్కడ ప్రతి ముగ్గురిలో కనీసం ఇద్దరికి 70 ఏళ్ళ లోపు ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుంది. 1981 నుంచి చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని పాట కట్టి పిల్లలకు నేర్పారు. బ్రిస్బేన్‌కు ఉత్తరాన నాంబూర్ అనే ఊళ్ళో 1992 నుంచి 1996 దాకా 1600 మందికి పైగా జనంతో పరీక్ష చేశారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ళలో, మా తమ్ముడి చెవికి వచ్చిన రకం క్యాన్సర్లు 40 శాతం దాకా తగ్గాయి. మందుల్లో కూడా అక్కడ రకాలున్నాయి. రోగనిరోధక కణాలను మచ్చ మీదికి ఉసిగొల్పే ఇమిక్విమాడ్ ఉంది, వారానికి రెండు మూడుసార్లు రాస్తూ నెలలు పట్టవచ్చు. మెత్తగా పనిచేసే డైక్లోఫెనాక్ జెల్ ఉంది, మంట తక్కువ, కానీ రెండు మూడు నెలలు రోజూ రాయాలి. ఒక రసాయనం పూసి దానిమీద ఎర్రకాంతి పడేలా చేసే వైద్యం ఒకటి రెండు సార్లలోనే అయిపోతుంది, ఖర్చు ఎక్కువ. రెండు మూడు రోజుల్లో పని ముగించే జెల్ ఒకటి వచ్చింది గానీ, వాడినవాళ్ళలో చర్మ క్యాన్సర్లు ఎక్కువ కనబడుతున్నాయని 2020లో యూరప్‌లో ఆపేశారు. ఈ మధ్య అయిదు రోజుల ఆయింట్‌మెంటు ఇంకొకటి వచ్చింది.

మాకు ఇచ్చింది పాత మందు, చవక మందు అని నాకు మొదట్లో కొంచెం వెలితిగా ఉండేది. మరుసటి ఏడు, 2019లో, నెదర్లాండ్స్‌లో 600 మందికి పైగా రోగుల మీద నాలుగు వైద్యాలను పోల్చిన ఫలితాలు వచ్చాయి. ముప్పావువంతు మచ్చలైనా పోయి, ఏడాది తర్వాత కూడా అలాగే నిలిచినవాళ్ళు ఫ్లోరోయురాసిల్‌తో నూటికి 75 మంది. ఇమిక్విమాడ్‌తో 54, కాంతి వైద్యంతో 38, ఆ రెండు మూడు రోజుల జెల్‌తో 29. నా వెలితి అక్కడితో పోయింది.

తమ్ముడికి నాలుగో వారం చివర మందు ఆపించారు. వాజిలిన్ తప్ప ఏమీ వద్దన్నారు. నాలుగు రోజుల్లో మంట దిగింది. రెండు వారాల్లో పెచ్చులన్నీ రాలిపోయి అడుగున నున్నటి గులాబీరంగు చర్మం బయటపడింది. ఆ ఎరుపు సర్దుకోవడానికి ఇంకో నెల పైనే పట్టింది. ఫలితం తేల్చేది మూడు నెలలకు అని ముందే రాశారు కాబట్టి ఎవరం తొందరపడలేదు. మూడు నెలలకు ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుని నుదుటి మీద వేలు నడిపి, రెండు చోట్ల ఆగారు. ఆ రెంటికీ అప్పుడే నైట్రోజన్ చల్లారు. ముంజేతులకు మరుసటి చలికాలం అదే క్రీము రాశాం. చేతి చర్మం దళసరి కావడంతో ఎరుపు ఆలస్యంగా మొదలై, మానడం కూడా ఆలస్యమైంది.

దీనికి ముగింపు లేదని కూడా చెప్పాలి. కరోనా ఏడాదిలో పరీక్షకు పోలేకపోయాం. 2021లో మెడ వెనక కొత్తవి వచ్చాయి. పాత ఎండ చేసిన నష్టం చర్మంలో ఉంటూనే ఉంటుంది, కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి. మధ్యలో మరదలు నెలకోసారి వాడి తల, మెడ, చెవులు, పెదవి వేలితో తడిమి చూస్తుంది. తనకు నేనే నేర్పాను. కొత్తది తగిలితే "వదినా, ఎడమ చెంప మీద ఒకటి" అని ఫోను వస్తుంది. వాళ్ళ ఇద్దరు పిల్లలూ మామూలు రంగులోనే పుట్టారు. లోపపు జన్యువు మాత్రం ఇద్దరిలోనూ ఒక్కొక్కటి ఉంటుంది, పెళ్ళిళ్ళప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

వాడి పని వేళలు మారాయి. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాతే పొలం. కళ్ళంలో తాలు ఏరేందుకు టార్పాలిన్ పందిరి వేసుకున్నాడు. పొడుగు చేతుల చొక్కా, చెవులూ మెడా కప్పే వెడల్పు అంచు టోపీ. మొదట్లో టోపీ చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు, ఇప్పుడు లేరు.

అందనిది సన్‌స్క్రీన్ ఒక్కటే. ముఖానికి, మెడకు, చేతులకు రాయాల్సినంత రాసి, రెండు గంటలకోసారి మళ్ళీ రాస్తే 50 గ్రాముల ట్యూబు వారం కూడా రాదు. ఒక్కో ట్యూబు వందల్లో ఉంటుంది. మన చట్టం దాన్ని సౌందర్య సాధనాల్లో కలిపింది, అందుకే ప్రభుత్వాసుపత్రి మందుల కిటికీలో దొరకదు. సదరం శిబిరంలో తమ్ముడికి చూపు మందం కింద వైకల్య సర్టిఫికెట్ ఇచ్చారు, చర్మం సంగతి ఆ లెక్కలోకి రాదు. టాంజానియాలో మోషి పట్టణపు చర్మవ్యాధుల కేంద్రంలో కిలిసన్ అనే సన్‌స్క్రీన్‌ను ఆల్బినిజం ఉన్నవాళ్ళ కోసమే తయారుచేసి ఉచితంగా పంచుతున్నారు. మనకన్నా బీద దేశం చేయగలిగింది మందుల కంపెనీలతో నిండిన మన తెలుగు రాష్ట్రాలు చేయలేకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. ఆల్బినిజం ఉన్న ప్రతి మనిషికీ నెలనెలా సన్‌స్క్రీన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇవ్వాలని నేను అడుగుతున్నాను.

తోటి టీచర్లకు ఒక మాట. మీ బడిలో అలాంటి బిడ్డ ఉంటే ప్రార్థన వరసలో ఎండన నిలబెట్టకండి, ఆటల పీరియడ్‌లో టోపీ తీయించకండి, బోర్డుకు దగ్గరగా కూర్చోబెట్టండి. తల్లిదండ్రులకు ఇంకో మాట. చర్మం మీద గరుకు మచ్చ నెల దాటినా పోకపోతే ఆర్‌ఎంపీ ట్యూబుతో సరిపెట్టకుండా చర్మవైద్యులకు చూపించండి. మందు రాయమంటే ఏ వారం ముఖం ఎలా ఉంటుందో, ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాయించుకోండి. మూడోవారం వచ్చినప్పుడు ఆ కాగితం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.